రక్తములోని మాంసకృత్తులు – ధమనుల వ్యాధి

“ఆయన మాంసము ముట్టి ఎరుగరు. నేయి సైతము లెక్కగా వేసికొనెడివారు. మనిషి సన్నగా, చురుకుగా ఉండెడివారు. అట్టివారికి గుండెపోటు ఎట్లు వచ్చినది?” ఈ ప్రశ్న మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. పరామర్శకు వచ్చినవారు కర్మమని సరిపెట్టుకొందురు. ఇంటివారు మాత్రము ఆ ప్రశ్నను మనసునుండి తీసివేయలేరు. తిన్న కొవ్వే ధమనులలో పేరుకొనుననియు, తిననివారికి ఆ భయము లేదనియు మనము నమ్మియుండుటయే ఈ ఆశ్చర్యమునకు మూలము.

ఆ నమ్మకములో కొంత నిజమున్నది. కాని అది సగము నిజము. కొవ్వు నీటిలో కరగదు. రక్తరసములో చాల భాగము నీరే. కావున కొవ్వు తనంతట తాను నెత్తురులో ప్రయాణము చేయజాలదు. దానిని మోయుటకు ఒక మాంసకృత్తు కావలెను. దించుకొనుటకు వేరొకటి కావలెను. దించుకొనుటకు అడ్డుపడునది మరియొకటి కలదు. గోడ చిట్లిన చోట నెత్తురును గడ్డకట్టించునవి కొన్ని, ఆ గడ్డను కరగించునవి కొన్ని. వీని మధ్య నడచు పొత్తులును పోరులును కలిసియే ఒక ధమని తెరచియుండునో, మూసికొనిపోవునో నిర్ణయించుచున్నవి. పాఠ్యపుస్తకములలో ప్రోటీనులని నేడు పిలువబడు ఈ మాంసకృత్తుల సంగతిని సాధ్యమైనంత సులభముగా ఇచట వివరింప దలచితిమి.

ఇది పట్టణవాసులకు, సంపన్నులకు మాత్రమే చెందిన విషయమని అనుకొనరాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, దాదాపు 1,80,000 జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన సంవత్సరమున సంభవించిన మరణములకు కారణములను పరిశోధకులు విచారించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలన కలిగినవని తేలెను. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 12 మాత్రమే. మరియొక పరిశోధన ఇంకను విచారకరమైన సంగతిని బయటపెట్టెను. తొలిసారి గుండెపోటు వచ్చిన వారి సగటు వయస్సు మన దక్షిణాసియా దేశములలో 53 సంవత్సరములు కాగా, ఇతర దేశములలో దాదాపు 59 అని 2007లో ప్రకటింపబడెను. తేడా ఆరేండ్లు. ఆ ఆరేండ్లలో ఒక ఇంట కుమార్తె పెండ్లి ఉండును; మరియొక ఇంట కుమారుని చదువు ఉండును.

ధమనులు ఏల గట్టిపడి ఇరుకగునను ప్రశ్నకు వైద్యశాస్త్రము ఒక్కసారిగా సమాధానము చెప్పలేదు. 19వ శతాబ్ది మధ్యభాగమున వియన్నా నగరములో రోకిటాన్‌స్కీ అను పండితుడు, నెత్తురులోని ఫైబ్రిన్ మొదలైన పదార్థములు గోడపై పేరుకొనుటయే దీనికి కారణమనెను. బెర్లిన్‌లో విర్కో పండితుడు దానిని అంగీకరింపక, గోడలోపల పుట్టిన వాపే మూలమనెను. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గులో అనిచ్‌కోవ్ తన సహచరునితో కలిసి కుందేళ్ళకు కొలెస్టరాల్‌ను నూనెలో కరగించి తినిపించి, వాని ధమనులలో మానవుల వ్యాధిని పోలిన మచ్చలను కలిగించెను. గడ్డ అని ఒకరు, వాపు అని ఒకరు, కొవ్వు అని ఒకరు పలికిరి. ఇది అంధగజన్యాయమువలె తోచును. ముగ్గురును తడిమినది ఒకే ఏనుగును. ఆ మూడు భాగములను ఒక శరీరముగా కూర్చి చూపినవి రక్తములోని మాంసకృత్తులే.

ముందుగా మోతగాండ్రను చూతము. గోదావరి, కృష్ణా కాలువలపై ధాన్యపు పడవలు నడచిన కాలమును పెద్దలు చెప్పగా వినియుందుము. మన కాలేయము ఒక పెద్ద రేవుపట్టణము వంటిది. అచటినుండి కొవ్వును, కొలెస్టరాల్‌ను నింపుకొని అతి సూక్ష్మమైన పడవలు నెత్తురులోనికి బయలుదేరును. ఈ పడవలనే లైపోప్రోటీనులందురు. సరుకు లోపల ఉండును; నీటికి తగులు పైభాగమున మాంసకృత్తు చుట్టుకొనియుండును. ఆ మాంసకృత్తు పేరు అపో-బి. ఇది 4,536 అమైనో ఆమ్లముల పొడవైన గొలుసు. ఇందొక ముఖ్యమైన విశేషమున్నది. పడవ పెద్దదైనను చిన్నదైనను దానికి ఒకే ఒక్క అపో-బి ఉండును. అందుచేత నెత్తురులోని అపో-బిని కొలిచితిమేని పడవల లెక్క తెలిసినట్లే.

కాలేయమునుండి బయలుదేరు పెద్ద పడవలు కండరములకును, కొవ్వు నిలువచేయు కణజాలమునకును తమ సరుకులో కొంత దించుచు క్రమముగా కుదించుకొనిపోవును. చివరకు మిగులు చిన్న పడవయే వైద్యులు ఎల్.డి.ఎల్. అని వ్రాయునది. మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసినచో అందు సుమారు 22 భాగములు దీని వెడల్పు. ఇంత చిన్న పడవలో కొలెస్టరాల్ అణువులు వేలకొలదిగా ఇమిడియుండును. కాలిఫోర్నియాలో గాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున రక్తరసమును మహావేగముతో తిప్పు యంత్రములో పెట్టి, ఈ పడవలను వాని సాంద్రతనుబట్టి వేరుచేసి చూపెను. కొలెస్టరాల్ మొత్తమును మాత్రమే చూచుట చాలదు, అది ఏ పడవలో ఉన్నదో చూడవలెనని మొట్టమొదట గట్టిగా చెప్పినవారిలో ఆయన ఒకడు.

ఇప్పుడు ధమని గోడవద్దకు వత్తము. ధమని వ్యాధిని కాలువలోని పూడికతో పోల్చుట వాడుక. కాని ఆ పోలిక సరిగా కుదరదు. పూడిక కాలువ అడుగున పడును. ఈ వ్యాధి గట్టు లోపలనే పుట్టును. ధమని లోపలిపొర మిక్కిలి పలుచన. నెత్తురులో పడవలు ఎక్కువైనకొలది వానిలో కొన్ని ఆ పొరను దాటి గోడలోనికి చొచ్చుకొనిపోవును. చొచ్చినవి తిరిగి వచ్చివేసినచో బాధ లేదు. కాని గోడలో ప్రోటియోగ్లైకాన్‌లను మరియొక జాతి మాంసకృత్తులు చక్కెర తీగలను తగిలించుకొని వలవలె పరచుకొనియుండును. వాని మీద ఋణ విద్యుదావేశమున్నది. అపో-బి గొలుసులో కొన్ని చోట్ల ధన విద్యుదావేశమున్నది. ఒకదాని నొకటి ఆకర్షించుకొనగా పడవ వలలో చిక్కుకొనును. ధమని వ్యాధికి ఈ చిక్కుకొనుటయే తొలిమెట్టని 1995లో విలియమ్స్, టబాస్ అను అమెరికా పరిశోధకులు ప్రతిపాదించిరి. తరువాతి పరిశోధనలు దీనిని బలపరచినవి.

చిక్కిన పడవ చెడిపోవును. చెడిన సరుకును ఊడ్చివేయుటకు నెత్తురునుండి తెల్లకణములు గోడలోనికి వచ్చును. అవి మేలు చేయుటకే వచ్చును. కాని కొలెస్టరాల్‌ను మ్రింగగలవేగాని అరగించుకొనలేవు. మ్రింగి మ్రింగి నురుగువలె ఉబ్బి, అచటనే చచ్చి, తమ కడుపులోని కొవ్వును గోడలోనే వదలిపెట్టును. దానిని కప్పిపుచ్చుటకు శరీరము పైన ఒక నారపొరను అల్లును. ఇట్లు ఏర్పడిన బుడిపె ఇరువదియేండ్లు, ముప్పదియేండ్లు ఏ బాధయు కలిగింపక పెరుగుచుండవచ్చును. వ్యాధి ముదిరినదని మనిషికి తెలియదు.

మరి పడవలు నెత్తురులో ఎక్కువగుట ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము టెక్సాసులోని డల్లాసు నగరమునుండి వచ్చెను. కొన్ని కుటుంబములలో పసిపిల్లలకు సైతము గుండెపోటు వచ్చుట వైద్యులు చూచుచుండిరి. తల్లినుండియు తండ్రినుండియు లోపము సంక్రమించిన పిల్లలు వారు. గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అను ఇద్దరు వైద్యులు అట్టి పిల్లల చర్మకణములను పరీక్షించి, 1973, 1974 సంవత్సరములలో అసలు రహస్యమును కనుగొనిరి. ఆరోగ్యవంతుల కణములమీద ఎల్.డి.ఎల్. పడవలను దించుకొనుటకు ఒక ప్రత్యేకమైన మాంసకృత్తు రేవువలె ఉన్నది. దానిని గ్రాహకమని పిలుతము. అది అపో-బిని గుర్తుపట్టి, పడవను లోనికి తీసికొనిపోయి, సరుకు దించి, సుమారు పది నిమిషములలో మరల పైకి వచ్చి మరియొక పడవకై వేచియుండును. ఆ పిల్లల కణములలో ఈ రేవు లేదు, లేక పనిచేయదు. దించుకొనువారు లేక పడవలు రోజులకొలది నెత్తురులోనే తిరుగుచు ధమని గోడలో చిక్కుకొనుచున్నవి. ఈ పరిశోధనకు వారిద్దరికిని 1985లో నోబెల్ బహుమానము లభించెను. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఈ లోపము సంక్రమించినవారు సుమారు 250 మందిలో ఒకరుందురు. వారికి నడివయసు రాకముందే గుండెపోటు రావచ్చును.

రేవు సంగతి తెలిసిన పిమ్మట మందు పనిచేయు విధము కూడ స్పష్టపడెను. జపానులో ఎండో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది బూజులను, సూక్ష్మజీవులను పరీక్షించి, బియ్యముపై పెరిగిన ఒక నీలిపచ్చని బూజులో 1973లో ఒక పదార్థమును కనుగొనెను. స్టాటిన్‌లను మందులకు అది మొదటిది. ఇది కాలేయము తనకు తాను కొలెస్టరాల్‌ను తయారుచేసికొనుటను తగ్గించును. అప్పుడు కాలేయము కొరతను గ్రహించి, నెత్తురునుండి తెచ్చుకొనుటకై మరిన్ని రేవులను కట్టును. మందు స్వయముగా నెత్తురును కడుగుట లేదు. మన మాంసకృత్తులచేతనే కడిగించుచున్నది.

ఇంతటితో కథ ముగియలేదు. 2003లో పారిస్ నగరపు పరిశోధకులు కొన్ని కుటుంబములను పరీక్షించుచు ఒక వింతను చూచిరి. వారికి కొలెస్టరాల్ మిక్కుటముగా ఉన్నది. కాని రేవులో లోపము లేదు, అపో-బిలోను లోపము లేదు. లోపము పి.సి.ఎస్.కె.9 అను వేరొక మాంసకృత్తులో కనబడెను. కాలేయమే దీనిని తయారుచేసి నెత్తురులోనికి వదలును. ఇది రేవును అంటుకొనినచో, ఆ రేవు పడవతో పాటు లోనికి పోయి మరల పైకి రాదు. కణము దానిని ముక్కలుచేసివేయును. రేవులు ఎన్ని ఉండవలెనో అదుపుచేయుటకు ప్రకృతి పెట్టిన కావలివాడన్నమాట. ఆ కుటుంబములలో ఈ కావలివాడు మితిమీరిన చురుకుతనము చూపుచుండెను.

ఐనచో ఈ కావలివాడు పుట్టుకతోనే మందకొడిగా ఉన్నవారి గతి ఏమి? ఈ ప్రశ్నను కోహెన్, హాబ్స్ మొదలైన డల్లాసు పరిశోధకులు వేసికొనిరి. అమెరికాలోని నల్లజాతివారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ మాంసకృత్తును తయారుచేయు జన్యువులలో ఒకటి చెడియున్నదని వారు కనుగొనిరి. పదునైదేండ్లపాటు గమనించిన ఫలితము 2006లో వెలువడెను. వారి ఎల్.డి.ఎల్. ఇతరులకన్న నూటికి 28 వంతులు మాత్రమే తక్కువ. కాని గుండె ధమనుల వ్యాధి నూటికి 88 వంతులు తక్కువ! ఇంత చిన్న తగ్గుదలకు ఇంత పెద్ద మేలు ఎట్లు కలిగినది? పుట్టిననాటినుండి ప్రతిదినమును పడవలు తక్కువగా ఉండుటయే కారణము. ధమని ఒకనాటి సంగతి చూడదు. జీవితకాలపు మొత్తమును లెక్కించుకొనును. ఈ కావలివాని చేతులు కట్టివేయు సూదిమందులు 2015నుండి వాడుకలోనికి వచ్చినవి.

ఇక మరియొక జాతి పడవల సంగతి. ఎచ్.డి.ఎల్. అనునవి చిన్నవి, సాంద్రత ఎక్కువ గలవి. వీని మాంసకృత్తు అపో-ఎ-1. ఇది గోడలోని నురుగు కణములనుండి కొలెస్టరాల్‌ను తిరిగి ఎత్తుకొని కాలేయమునకు చేర్చగలదు. అందుచేతనే ఎచ్.డి.ఎల్.ను మంచి కొలెస్టరాల్ అనుట వాడుకయైనది. అది ఎంత ఎక్కువయైన అంత మేలని చాలకాలము భావించిరి. ఈ భావము సరియైనదా అను సందేహమును కలిగించినది ఇటలీలోని ఒక చిన్న గ్రామము.

గార్దా సరస్సు ఒడ్డున కొండల నడుమ లిమోనె అను గ్రామమున్నది. 1930 దశకము వరకు దానికి సరియైన రోడ్డు లేదు; పడవమీద చేరవలసినదే. 1970 దశకమున ఆ ఊరి మనిషి ఒకడు మిలాన్ నగరములో పరీక్ష చేయించుకొనగా, అతని ఎచ్.డి.ఎల్. భయము కొలుపునంత తక్కువగా కనబడెను. ఐనను అతని ధమనులు బాగుగనే యున్నవి. సిర్తోరి మొదలైన వైద్యులు ఆ గ్రామమంతటిని పరీక్షించి, దాదాపు నలువదిమందిలో ఇదే లక్షణమును కనుగొనిరి. వారి వంశవృక్షము 18వ శతాబ్దిలో అచట నివసించిన ఒకే దంపతుల వద్దకు చేరెను. వారి అపో-ఎ-1 గొలుసులో 173వ స్థానమున ఒక అమైనో ఆమ్లము మారియున్నది. పడవలు తక్కువైనను పని చెడలేదు.

దీనికి సరిగా ఎదురైన అనుభవము 2006లో కలిగెను. ఎచ్.డి.ఎల్. పడవలనుండి అపో-బి పడవలలోనికి కొలెస్టరాల్‌ను మార్చుచుండు ఒక మాంసకృత్తున్నది. దానిని అడ్డగించినచో ఎచ్.డి.ఎల్. పెరుగునని టోర్సెట్రాపిబ్ అను మందును తయారుచేసిరి. సుమారు 15,000 మందిపై పరీక్ష జరిగెను. ఎచ్.డి.ఎల్. నూటికి 70 వంతులకు పైగా పెరిగెను. కాని మందు పుచ్చుకొనినవారిలో మరణములు తగ్గుటకు బదులు పెరిగెను. 2006 డిసెంబరులో పరీక్షను నిలిపివేసిరి. ఆ మందు రక్తపుపోటును కూడ పెంచినదని తరువాత తేలెను. లిమోనె గ్రామపు మాంసకృత్తును మందుగా ఎక్కించిన ప్రయత్నము 2003లో కొంత ఆశ చూపినను, తరువాత జరిగిన పరీక్షలో ఆ ఆశ నిలువలేదు. ఈ అనుభవములవలన మనము నేర్చుకొనదగినది ఒకటి కలదు. కాగితముమీద అంకె బాగుపడుట వేరు, ధమని బాగుపడుట వేరు. ఒక మాంసకృత్తును కదిలించినచో దానితో ముడిపడిన పదింటిని కదిలించినట్లే.

ఇంతవరకు కొవ్వును మోయువానిని గూర్చి చెప్పితిమి. కాని గుండెపోటు వచ్చు ఆ ఘడియలో ప్రాణము తీయునది సాధారణముగా కొవ్వు కాదు, గడ్డ. బుడిపెపైనున్న నారపొర ఒకనాడు చిట్లును. లోపలి పదార్థము నెత్తురునకు తగులును. వెంటనే, చర్మము తెగినపుడు మనలను రక్షించు ఏర్పాటే ఇచటను మేల్కొనును. త్రాంబిన్ అను మాంసకృత్తు, నెత్తురులో కరగియున్న ఫైబ్రినోజెన్‌ను కత్తిరించి ఫైబ్రిన్ దారములుగా మార్చును. దారములు వలవలె అల్లుకొని నెత్తురు కణములను పట్టివేయును. తెగిన వ్రేలికి ఇది ప్రాణరక్ష. గుండె ధమనిలో ఇది ఉరిత్రాడు. రోకిటాన్‌స్కీ చూచిన ఫైబ్రిన్ ఇదియే.

గడ్డను కట్టు ఏర్పాటుతో పాటు కరగించు ఏర్పాటును కూడ ప్రకృతి కల్పించినది. ప్లాస్మినోజెన్ అను మాంసకృత్తు ఫైబ్రిన్ దారమును పట్టుకొని, అచట ప్లాస్మిన్‌గా మారి, ఆ దారమును తెంచివేయును. గుండెపోటు వచ్చినవారికి ఆసుపత్రిలో గడ్డ కరగుటకై ఇచ్చు స్ట్రెప్టోకైనేజ్ మొదలైన మందులు ఈ ప్లాస్మినోజెన్‌ను మేల్కొలుపునవే. ఇటలీలో దాదాపు 11,800 మందిపై జరిగి 1986లో వెలువడిన పరీక్షలో, నొప్పి మొదలైన గంటలోపల స్ట్రెప్టోకైనేజ్ అందినవారిలో మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. ఆలస్యమైనకొలది మేలు సన్నగిల్లినది. అజీర్ణమని సోడా త్రాగి తెల్లవారువరకు ఎదురుచూచుట ఎంత ప్రమాదమో ఈ ఒక్క సంగతి చెప్పుచున్నది.

ఈ రెండు కథలను, అనగా కొవ్వు కథను గడ్డ కథను, ఒకే శరీరములో ముడివేసికొనిన వింత మాంసకృత్తు ఒకటి కలదు. 1963లో ఓస్లో నగరమున కారె బెర్గ్ అను వైద్యుడు కొందరి నెత్తురులో ఒక ప్రత్యేకమైన పడవను కనుగొనెను. దానిని లైపోప్రోటీన్-లిటిల్-ఎ అందురు. చూచుటకు ఎల్.డి.ఎల్. పడవవంటిదే, కాని అపో-బికి పొడవైన మరియొక మాంసకృత్తు తగుల్కొని వ్రేలాడుచుండును. 1987లో దాని నిర్మాణమును పూర్తిగా చదివి చూచిన శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడిరి. అది గడ్డను కరగించు ప్లాస్మినోజెన్‌కు దాయాది! జంతికవలె మెలితిరిగిన అవే మడతలు అందును ఉన్నవి. అందొక మడత కొందరిలో కొద్దిసార్లు, కొందరిలో నలువదిసార్లు తిరిగి తిరిగి వచ్చును. కాని ప్లాస్మినోజెన్ చేయు పనిని మాత్రము ఇది చేయలేదు. దారమును పట్టుకొనగలదు, తెంచలేదు. దాయాది పొలముపై చేరి తాను దున్నక, దున్నువానిని దున్ననీయక ఉన్నట్లు, ప్లాస్మినోజెన్ నిలువవలసిన చోట ఇది నిలుచుట ప్రయోగశాలలలో కనబడినది. దీనికి తోడు, మాడిన నూనెవలె చెడిన కొవ్వు పదార్థములను ఇది వెంటబెట్టుకొని గోడలోనికి పోయి వాపును రేపును. ధమని వ్యాధిని పెంచుటలో ఈ రెండవ పనికే ఎక్కువ భాగమున్నదని నేడు పలువురు భావించుచున్నారు.

ఈ మాంసకృత్తు మన తిండినిబట్టి పెద్దగా మారదు. దాని మోతాదు మిక్కిలి భాగము పుట్టుకతోనే నిశ్చయమగును. ప్రపంచములో సుమారు అయిదుగురిలో ఒకరికి ఇది అధికముగా ఉండును. స్టాటిన్‌లు దీనిని తగ్గింపవు. దీనినే గురిగా పెట్టుకొనిన మందులు ఇటీవలి సంవత్సరములలో పెద్ద పరీక్షలకు ఎక్కినవి. మొదట మనము వినిన ప్రశ్నకు ఇందొక సమాధానము దొరకుచున్నది. సన్నని మనిషి, నేయి ముట్టనివాడు, ఏ దురలవాటును లేనివాడు కూడ ఈ మాంసకృత్తును తండ్రినుండియో తల్లినుండియో తెచ్చుకొనియుండవచ్చును.

రెండవ సమాధానము మన పళ్ళెములోనే ఉన్నది. మాంసము, నేయి మానినంత మాత్రమున కాలేయము పడవలు కట్టుట మానదు. అవసరమునకు మించిన అన్నము, చక్కెర, తీపిపదార్థములను కాలేయము కొవ్వుగా మార్చి పడవలకెక్కించును. అట్టివారిలో ఎల్.డి.ఎల్. పడవలు చిన్నవిగా, సంఖ్యలో ఎక్కువగా ఉండును. సరుకు తూకము వేసినచో కొలెస్టరాల్ మామూలుగనే కనబడును. పడవలను లెక్కించినచో ప్రమాదము బయటపడును. కేరళలో జన్మించిన సలీం యూసుఫ్ నాయకత్వమున 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో, తొలి గుండెపోటుతో మిక్కిలి గాఢముగా ముడిపడిన సంగతులు రెండు తేలినవి. ఒకటి పొగత్రాగుట, రెండవది అపో-బికి అపో-ఎ-1కి మధ్యనున్న నిష్పత్తి. దించు పడవలు ఎన్ని, ఎత్తు పడవలు ఎన్ని అని చూచుటయే అది.

వాపు మూలమనిన విర్కో మాటయు వ్యర్థము కాలేదు. కణములు ఒకదానికొకటి వాపు కబురు పంపుకొనుటకు వాడు ఒక మాంసకృత్తును అడ్డగించు మందును 10,000 మందికి పైగా రోగులకు ఇచ్చి చూడగా, ఎల్.డి.ఎల్. ఏమాత్రము తగ్గకున్నను గుండెపోటు మొదలైన ఉపద్రవములు నూటికి 15 వంతులు తగ్గినవని 2017లో ప్రకటించిరి. ఐతే ఆ మందు పుచ్చుకొనినవారిలో ప్రాణాంతకమైన అంటురోగములు కొంచెము హెచ్చినవి. కాపలాను తగ్గించినచో దొంగలు దూరుదురు కదా!

ఇంతకు ఈ శాస్త్రమువలన గృహస్థునకు కలుగు ప్రయోజన మేమి? ఇంట ఎవరికైనను చిన్న వయసున గుండెపోటు గాని, పక్షవాతము గాని వచ్చియున్నచో, దానిని కర్మమని వదలిపెట్టక, మిగిలిన రక్తసంబంధులందరును వైద్యునివద్ద రక్తపరీక్ష చేయించుకొనవలెను. కొలెస్టరాల్‌తో పాటు అపో-బిని కూడ కొలువ వీలగునేమో అడుగవలెను. లైపోప్రోటీన్-లిటిల్-ఎ పరీక్ష జీవితములో ఒక్కసారి చేయించుకొనిన చాలును. ఐరోపా వైద్యసంఘములు పెద్దవారందరికిని దీనిని సలహా యిచ్చినవి. అది ఎక్కువగా ఉన్నదని తెలిసినచో నిరాశపడ పనిలేదు. మార్చలేనిది ఒకటి ఉన్నపుడు, మార్చగలవానిని మరింత శ్రద్ధతో మార్చుకొనవలెను. పొగ మానినచో ఫైబ్రినోజెన్ తగ్గును. రక్తపుపోటు, మధుమేహము అదుపులో నున్నచో ధమని లోపలిపొర గట్టిగా నిలుచును. నడక, మితమైన అన్నము, పప్పు, కూరలు, ఆకుకూరలు కాలేయము కట్టు పడవలను తగ్గించును. వైద్యుడు స్టాటిన్ వ్రాసియిచ్చినచో, అంకె తగ్గినది కదా అని మధ్యలో మానరాదు. మానిన కొలదిదినములకే రేవులు తగ్గి పడవలు మరల పెరుగును.

అన్నిటికిని మించి, కాలమును గుర్తుంచుకొనవలెను. ముప్పదవ యేట తగ్గించుకొనిన పడవలు అరువదవ యేట తగ్గించుకొనినవానికన్న ఎక్కువ మేలు చేయును. నొప్పి వచ్చిన మొదటి గంట తరువాతి గంటలకన్న విలువైనది. పరామర్శ దినమున, అట్టివారికి గుండెపోటు ఎట్లు వచ్చినదని అడుగు ప్రశ్నను, ఇంటిల్లిపాదియు ఆరోగ్యముగా కూర్చుండియున్న నేడే అడిగినచో, దానికి సమాధానము చెప్పుటకు శాస్త్రము సిద్ధముగా నున్నది.